కింద కూర్చోకూడదట!

"ఆ దిండు తియ్యవయ్యా!" అని అరిచాను.

మా ఆయన నాగులు తియ్యలేదు. పైగా ఇంకొకటి తెచ్చాడు. ఆపరేషన్ చేసిన కాలు చాపితే నాకు నొప్పెడుతుందని ఆయన బాధ. మోకాలి కింద దిండు పెట్టొద్దు, పెడితే కాలు వంకరగానే బిగుసుకుపోతుంది అని ఆస్పత్రిలో నర్సు ఆయన మొహం మీదే చెప్పింది. ఆయన బుద్ధిగా తల కూడా ఊపాడు. అయినా నేను కాస్త కునుకు తీస్తే చాలు, మెలకువ వచ్చేసరికి మోకాలి కింద మెత్తగా దిండు ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత ముద్దు చేయలేదు ఈ మనిషి. ఇప్పుడు, వద్దు మొర్రో అంటుంటే చేస్తాడు.

"నొప్పి తగ్గుద్దని పెట్టానే," అన్నాడు.

"నొప్పి తగ్గుద్ది, కాలు కట్టెలాగా బిగుసుకుపోద్ది. అప్పుడు నా బదులు నువ్వు కూర్చుని కోస్తావా చేపలు?"

ఆయన నా వైపు చూడకుండా రెండు దిళ్ళూ చంకలో పెట్టుకుని అవతలికి పోయాడు. ఆ వెళ్ళడంలో ఏదో తేడా ఉందని నాకు అప్పుడు అనిపించలేదు. అనిపించి ఉంటే అక్కడే నిలదీసేదాన్ని.

నా పేరు మంగాయమ్మ. మాది బందరు అవతల సముద్రం ఒడ్డు. పెళ్ళయి బెజవాడ వచ్చినప్పటి నుంచి చేపల మార్కెట్టే నా బతుకు. చేపలు అమ్మడం ఎవరైనా అమ్ముతారు. నేను కోస్తాను. మార్కెట్ గట్టు మీద గోనెపట్టా పరిచి, ఎడమ కాలు మడిచి కిందకి వేసి, కుడి పాదంతో కత్తిపీట తొక్కిపట్టి, రెండు చేతుల్తో చేపని కత్తికి ఆనించి నెడితే పొలుసు, రెక్క, మొప్ప దేని దారిన అది ఊడి వస్తాయి. బొచ్చె చేప ముక్క ఎంత ఉండాలో, జారకుండా కొరమీనుకి ఎంత బూడిద రాయాలో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆదివారం పూట జనం చేపలు పక్కన కొనుక్కుని కూడా కోయించుకోవడానికి నా దగ్గరికి వస్తారు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి, నాకున్న గొప్ప అదొక్కటే.

అలాంటిది, ఎడమ మోకాలు మడత పడటం మానేసింది. మొదట గోనెపట్టా కింద ఇటుక పెట్టుకున్నాను. తర్వాత రెండు ఇటుకలు. ఆ తర్వాత కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. సగం బేరం నా కోడలు సత్యశ్రీకి వదిలేసి, పక్కన నిలబడి చూడాల్సి వచ్చింది. అప్పుడు మా కోటిగాడు, నా కొడుకు, ఆటోనగర్లో వెల్డింగ్ పని చేస్తాడు, వాడు పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మోకాలు మార్చేస్తారట.

"మారిస్తే పరిగెడతావమ్మా," అన్నాడు.

"పరుగెందుకురా నాకు? కింద కూర్చుంటానా, అది చెప్పు."

"అన్నీ చేస్తావు."

ఆ ఒక్క మాట మీద ఒప్పుకున్నాను. కాలు కోయించుకున్నాను, కుట్లు వేయించుకున్నాను, ఆ మత్తులో దేవుళ్ళందరినీ చూసి వచ్చాను. అన్నీ ఆ కత్తిపీట ముందు మళ్ళీ కూర్చోవడానికే.

మా ఇల్లు చిట్టినగర్ దగ్గర కొండ మీద. ఆటో కింద రోడ్డు దాకానే వస్తుంది. అక్కడి నుంచి మెట్లు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు కోటి, వాడి ఆటోనగర్ స్నేహితులు కలిసి నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. మేళతాళాలు ఒక్కటే తక్కువ. మెట్ల పొడుగునా గుమ్మాల్లో నిలబడి అందరూ చూశారు. "పట్టుకో అత్తా, గట్టిగా పట్టుకో," అని సత్యశ్రీ వెనకాల ఒకటే గోల. ఏం పట్టుకోవాలే, ప్లాస్టిక్ కుర్చీని? ఎక్కించడం అయితే ఎక్కించారు గానీ దించేవాళ్ళు లేరు. కాలు బాగయ్యేదాకా మెట్లు వద్దన్నారు. దాంతో నేను కొండ మీద ఖైదు.

గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఊరంతా కనిపిస్తుంది. రైలు పట్టాలు, కాలవ, బస్సులు, ఇళ్ళ మధ్యలో మా మార్కెట్ రేకుల కప్పు. పొద్దున్నే ఆ కప్పు కింద ఏం జరుగుతూ ఉంటుందో నాకు కళ్ళకి కట్టినట్టు తెలుసు. చేపల ఆటోలు వస్తాయి, ఐసు దిమ్మలు పగులుతాయి, బేరాలు మొదలవుతాయి. నేను మాత్రం ఇక్కడ వాకర్ పట్టుకుని బాత్రూముకి వెళ్ళి రావడమే ఒక పెద్ద ప్రయాణంగా బతుకుతున్నాను. బతుకంతా నేను చేపలకి ఐసు కప్పాను, ఇప్పుడు పూటపూటకీ నా మోకాలికి కప్పుతున్నారు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన మా ఆయనకి ఇది మహా ఇష్టమైన పని. పాత ఉద్యోగం మళ్ళీ వచ్చినట్టు ఐసుని గుడ్డలో చుట్టి, పిండి, సరిచేసి పెడతాడు.

ఇది చాలనట్టు పక్కింటి అమలమ్మ ఒకతి.

"వంకాయ పెట్టమాక అన్నయ్యా, చీము పడుద్ది. గోంగూర జోలికి పోమాక. చేపలు అసలే వద్దు, నీచు. మా ఆడపడుచుకి ఇట్టాగే ఆపరేషన్ అయితే చేప తిని కుట్లు విచ్చుకున్నాయి."

"డాక్టరు చేపలు, గుడ్లు బాగా తినమన్నాడు వదినా," అన్నాను.

"డాక్టర్లకేం తెలుసు పథ్యం సంగతి!"

మా ఆయన ఎవరి మాట విన్నాడు? అమలమ్మ మాటే. చేపలు అమ్ముకునే కొంపలో పొద్దున బీరకాయ, సాయంత్రం బీరకాయ. ఒకరోజు కంచం అవతలికి నెట్టేశాను. మర్నాడు సొరకాయ వండాడు.

వీటన్నిటికంటే నన్ను కాల్చుకుతిన్నది ఫోను. మార్కెట్లో పాత ఖాతాదార్లు ఎట్లా ఉన్నావని పలకరించడానికి చేస్తారు. మంచిదే. కానీ ఊరుకోరే! "నీ కోడలు బాగానే కోస్తోంది మంగాయమ్మా, నువ్వేం దిగులు పెట్టుకోమాక," అంటాడు ఒకడు. "నీకంటే తొందరగా ఇచ్చేస్తోంది," అంటుంది ఇంకొకావిడ. ఆ మాటకి నేను ఏమనాలి? సంతోషమండీ అన్నాను. ఫోన్ పెట్టేశాక ఒళ్ళంతా మండింది. తొందరగా ఇవ్వడం కూడా ఒక కోతేనా? పొలుసు వదిలేసి ఇస్తే ఎవరైనా తొందరగా ఇస్తారు.

మధ్యాహ్నం దాటాక సత్యశ్రీ మెట్లెక్కి వచ్చేది. చేతులు, చీర కుచ్చెళ్ళు చేప వాసన. ఆ వాసనకి నాకు ప్రాణం లేచి వచ్చేది. వాసన మీద ప్రేమ, మనిషి మీద కోపం, రెండూ ఒక్కసారే పుట్టేవి.

"కొరమీనుకి బూడిద రాశావా?" 

"రాశా అత్తా."

"ముక్క ఎంత కొట్టావు?"

"నువ్వు కొట్టినంతే."

"కత్తి సాన పట్టించావా?"

"పట్టించా."

అంతకంటే మాట్లాడేది కాదు. గుమ్మంలో చతికిలబడి కాసేపు కళ్ళు మూసుకునేది. పొగరు అనుకున్నాను. పీట దొరికాక మాటలు తగ్గాయి చూడు, అని మా ఆయనతో అన్నాను కూడా. ఆయన ఐసు గుడ్డ పిండుకుంటూ కూర్చున్నాడు.

కాలు వంచడానికి మణికుమార్ అని ఒక ఫిజియోథెరపీ కుర్రాడు కొండపల్లి నుంచి బండి మీద వచ్చేవాడు. మంచివాడు, మర్యాదస్తుడు. వాడి మర్యాద అంతా నోట్లోనే ఉంది గానీ చేతుల్లో లేదు. "ఇంకొంచెం అమ్మగారూ, ఒక్క కొంచెం," అంటూ మడమ పట్టుకుని వెనక్కి నొక్కితే నాకు పైలోకం కనిపించేది. వాణ్ణి, వాడి చదువుని, వాడికి ఆ చదువు చెప్పినవాళ్ళని కలిపి తిట్టేదాన్ని.

"నన్ను మా అమ్మ కూడా ఇన్ని తిట్లు తిట్టలేదండీ," అనేవాడు నవ్వుతూ.

"మీ అమ్మ మోకాలు నువ్వు విరిచి ఉండవు!"

తిట్టినా, చెప్పింది చెప్పినట్టు చేశాను. మడమ మంచం మీద జార్చడం, కాలు చాపి తొడ బిగించడం, కుర్చీలో కూర్చుని పాదం వెనక్కి లాగడం. వాడు చెప్పినదానికి రెట్టింపు చేశాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపలేదు. ఇంకొంచెం వంగితే పీట, ఇంకొంచెం వంగితే పీట, అనుకుంటూ వంచాను. పసుపు కొమ్ములా ఉబ్బిన మోకాలు మెల్లగా మాట వినడం మొదలుపెట్టింది. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది.

ఒకరోజు మణికుమార్ వంచి చూసి, "అబ్బ! మీ వయసువాళ్ళలో ఇంత తొందరగా వంచినవాళ్ళని నేను చూడలేదండీ," అన్నాడు. 

నాకు భలే సంతోషం వేసింది. "అయితే పీట ముందు ఎప్పుడు కూర్చోవచ్చు బాబూ?"

"ఏ పీటండీ?"

కాలు ఎలా మడుస్తానో, పీట ఎలా తొక్కిపడతానో చేతుల్తో చూపిస్తూ చెప్పాను. వాడు మొదట నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు.

"కింద కూర్చోకూడదు కదమ్మా! గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, రెండూ వద్దు. డాక్టరుగారు ఆపరేషన్‌కి ముందే చెప్తారే! మీవాళ్ళు చెప్పలేదా?"

"ఎన్నాళ్ళు వద్దు?"

"ఎప్పటికీ అండీ."

వాడి చేతుల్లోంచి నా కాలు లాక్కున్నాను. వాడు భయపడి, కుర్చీలో ఎంతసేపైనా కూర్చోవచ్చని, నడవొచ్చని, మెట్లెక్కొచ్చని, తిరుపతి కూడా వెళ్ళొచ్చని ఏదేదో చెప్పాడు. తిరుపతిలో నేను చేపలు కోస్తానా?

"కూర్చుంటే ఏమవుద్ది?" అన్నాను చివరికి.

"లోపల పెట్టింది తొందరగా అరిగిపోతుందండీ. వదులైతే మళ్ళీ ఆపరేషన్. జాగ్రత్తగా ఉంటే ఇరవై ఏళ్ళు వస్తుంది."

వాడు వెళ్ళాక ఆ రోజంతా నేను మంచం దిగలేదు. కోటి పని నుంచి వచ్చేదాకా ఆగాను. వాడు చేతుల మసి కడుక్కుని, తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఒరే కోటీ, నేను ఇంక ఎప్పటికీ కింద కూర్చోకూడదంటగా?"

వాడు వాళ్ళ నాన్న వైపు చూశాడు. వాళ్ళ నాన్న గోడ వైపు చూశాడు. పాపం గోడకి చూడటానికి ఎవరూ లేరు.

"నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసమ్మా."

"నీకు?" అన్నాను మా ఆయనతో.

"తెలుసే."

సత్యశ్రీ వంటగది గడపలో నిలబడి ఉంది. దాని వైపు తిరిగాను. అడగకముందే తల దించుకుంది.

"బాగుంది. కాలు నాది, కోత నాది. తెలియందల్లా నాకేనన్నమాట."

"చెబితే చేయించుకునేదానివా అమ్మా?" అన్నాడు కోటి.

"చేయించుకోను!"

"అందుకే చెప్పలా."

"ఎవడ్రా నీకిచ్చింది ఆ పెత్తనం? నేనేమన్నా పసిపిల్లనా? పుల్లైసు చూపించి ఇంజెక్షన్ చేయించావా?"

అప్పుడు మా ఆయన నోరు విప్పాడు. ఆయన గొంతు పెంచడం నేను చాలా అరుదుగా విన్నాను.

"పక్కన పడుకున్నోణ్ణి నేను. అటు తిరిగితే ఒక మూలుగు, ఇటు తిరిగితే ఒక మూలుగు. గోడ పట్టుకుని కుంటతా బాత్రూముకి పోతా ఉండేదానివి. పొద్దున లేచి, అయ్యో నాకేం, బ్రహ్మాండంగా ఉన్నానని మార్కెట్‌కి పోయేదానివి. నువ్వు వినలా, నేను విన్నా. నేనే చెప్పొద్దన్నా కోటికి. తిట్టుకుంటావో కొడతావో నీ ఇష్టం."

ఆ మాటలు నిజమే. నిజమైనంత మాత్రాన కోపం పోతుందా? నొప్పి పోగొట్టారు, సరే, దానితోపాటు నన్నూ పోగొట్టారు కదా! కుర్చీలో కూర్చుని పైసలు తీసుకునే ముసలిది మార్కెట్లో ఎవరికి కావాలి? నేను కోసేదాన్ని. కొయ్యకపోతే నేనెవరు? ఇవన్నీ అనాలని ఉంది. అనవలసినవాళ్ళని వదిలేసి కోడలి మీద పడ్డాను.

"నీకు మాత్రం బాగా కలిసొచ్చిందిలే! కూర్చున్నచోటికే పీట వచ్చింది."

సత్యశ్రీ నా వైపు చూసింది. లోపలికి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఎదురు తిరిగితే నాకు కాస్త హాయిగా ఉండేది.

అప్పటి నుంచి నేను ఎవరితోనూ అవసరానికి మించి మాట్లాడలేదు. మాట్లాడకుండా లెక్క వేసుకున్నాను. జాగ్రత్తగా ఉంటే ఇరవై ఏళ్ళు వస్తుందట ఈ మోకాలు. నాకెందుకమ్మా ఇరవై ఏళ్ళు? ఇప్పుడే అరవై దాటాయి. పీట ముందు కూర్చుని, అందులో సగం కాలం వాడుకుని అరగదీసి పారేస్తాను. నా మోకాలు, నా ఇష్టం. వాళ్ళు నాకు చెప్పకుండా పెట్టించారు, నేను వాళ్ళకి చెప్పకుండా కూర్చుంటాను. ఈ లెక్క కుదిరాక మళ్ళీ అన్నం సహించింది. మణికుమార్ చెప్పినవి ఇంకా కసిగా చేశాను. మెట్ల సంగతి కూడా అడిగి నేర్చుకున్నాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. వాడు నా ఉత్సాహం చూసి మురిసిపోయాడు.

ఒక ఆదివారం పొద్దున్న కోటి, సత్యశ్రీ వెళ్ళిపోయాక చేపల పని చీర కట్టుకున్నాను. కర్ర పట్టుకుని గుమ్మం దాటుతుంటే మా ఆయన చూశాడు.

"ఎక్కడికే?"

"నా కొట్టుకి."

"పిచ్చా? మెట్లే అవి!"

"మెట్లని నాకూ కనిపిస్తున్నాయి."

ఇనుప కడ్డీ ఒక చేత్తో, కర్ర ఇంకో చేత్తో పట్టుకుని దిగడం మొదలుపెట్టాను. వద్దే వద్దే అంటూ ఆయన వెనకాలే వచ్చాడు. ఆగవే అంటూ పక్కకి వచ్చాడు. ఇది వినేలా లేదని ముందుకి వెళ్ళి, నేను పడితే పట్టుకోవడానికన్నట్టు చేతులు చాపి వెనక్కి వెనక్కి దిగాడు. 

"ముందు చూసుకుని దిగవయ్యా, నువ్వు పడితే నేను ఎత్తలేను!"

"నువ్వు నోరు మూసుకుని దిగు."

అమలమ్మ గుమ్మంలోకి వచ్చి నోటి మీద చెయ్యి వేసుకుంది. పలకరించే ఓపిక నాకు లేదు. కింద రోడ్డు మీద కాలు పెట్టేసరికి జాకెట్టంతా తడిసిపోయింది. మోకాలు భగభగ మంటోంది. అయినా ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ఆటో ఎక్కాను. మా ఆయన తిడుతూనే నా పక్కన ఎక్కాడు.

మార్కెట్లో ఆదివారం జనం ఎలా ఉంటారో చెప్పక్కర్లేదు. నీళ్ళు, పొలుసులు, అరుపులు. "మంగాయమ్మ వచ్చిందిరోయ్!" అని ఎవరో కేక పెట్టారు. తెలిసినవాళ్ళు చుట్టూ మూగారు. కాలేదీ, చూపించు, ఎన్ని కుట్లు, ఏ ఇనుము పెట్టారు, అని ఒకటే ప్రశ్నలు. వాళ్ళని తప్పించుకుని నా గట్టు వైపు చూశాను.

సత్యశ్రీ నా పీట ముందు కూర్చుని ఉంది. ఎడమ కాలు మడిచింది, కుడి పాదంతో తొక్కిపట్టింది. చేతిలో పెద్ద శీలావతి చేప. నేను అలాగే నిలబడి చూశాను. ఒక్క తప్పు దొరికితే బాగుండు. దొరకలేదు. పొలుసు పూర్తిగా తీసింది. తల తీసేటప్పుడు, చితికితే చేపంతా చేదెక్కించే చేదుకట్టుని తప్పించింది. ముక్కలు ఒకే మందాన పడుతున్నాయి. కడుపు మంట అంటే మంటే. పైకి ఏం పేరు పెట్టుకున్నా అది అదే.

కవరు కట్టి ఇచ్చి తలెత్తి నన్ను చూసింది. కంగారు పడలేదు. వద్దనలేదు.

"రా అత్తా," అంది. "నువ్వు వస్తావని నాకు తెలుసు. కూర్చో. నేను లేస్తా."

లేవబోయింది. కుడి చెయ్యి చేపల తట్ట అంచు మీద వేసింది. ఎడమ చెయ్యి మోకాలి మీద. ఒక్క ఊపున లేవలేదు. సగం లేచి, నడుము వంగి ఉండగానే ఆగింది. కళ్ళు మూసుకుని పళ్ళ మధ్య నుంచి "అమ్మా" అనుకుంది. ఎవరికీ వినపడకూడదని అనుకున్న "అమ్మా" అది. ఆ తర్వాత నిలబడింది గానీ వెంటనే అడుగు వెయ్యలేదు. కాలు తన మాట వినేదాకా చీర సర్దుకుంటున్నట్టు నటించింది.

ఆ చీర సర్దుకోవడం నాది. అచ్చం నాది. నాకంటే ముందు మా అమ్మది. సముద్రం ఒడ్డున మా అమ్మ కూడా ఇలాగే తట్ట అంచు పట్టుకుని లేచేది. చివరికి లేవడం మానేసి ఇంట్లో దేక్కుంటూ తిరిగింది. ఈ పిల్లకి ముప్పై దాటి ఎంతో కాలేదు.

"ఎప్పటి నుంచే?" అన్నాను.

"ఏంటత్తా?"

"మోకాలు."

"ఏం లేదు, తిమ్మిరి. పొద్దుట్నించి కూర్చున్నా కదా."

తిమ్మిరి! నేను మా ఆయనతో అదే మాట ఎన్నేళ్ళు చెప్పానో!

"కూర్చో అత్తా, జనం ఆగి ఉన్నారు," అని గోనెపట్టా సరిచేసి, పీట నా వైపు జరిపింది. 

నేను కర్రతో ఆ పీటని ఒక్క తోపు తోశాను. అది గట్టు మీద నుంచి పడి, మురికి నీళ్ళలో బోర్లా తిరిగింది. 

"ఎవరూ కూర్చోడానికి వీల్లేదు. నేనూ కూర్చోను, నువ్వూ కూర్చోవద్దు!"

ఆ వెనకే గుసగుసలు. "చూశావా, తను కూర్చోలేకపోతే కోడల్నీ కూర్చోనివ్వదంట," అని పక్క కొట్టు ఆడది అనడం నా చెవిన పడింది. మా ఆయన, "ఏందే ఈ గోల, నలుగురిలో!" అని నా మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను.

సత్యశ్రీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ మూసుకున్న నోరు అప్పుడు తెరిచింది.

"ఇంకేం కావాలత్తా నీకు? నీ పీట నీకే ఇచ్చా కదా! నేనేమన్నా లాక్కున్నానా? నువ్వు మంచాన ఉంటే కొట్టు మూతపడకూడదని కూర్చున్నా. అందుకు రోజూ నీ చేత మాటలు పడ్డా. ఇప్పుడు పదిమందిలో పీట మురికి నీళ్ళలో పడేస్తావా?"

నాకు కోపంగా మాట్లాడటం వచ్చు, బేరమాడటం వచ్చు, నచ్చజెప్పడం రాదు. చీర కుచ్చెళ్ళు పట్టుకుని, అంతమంది మధ్యలో, మోకాలి పైదాకా ఎత్తేశాను. నల్లగా, పొడుగ్గా ఆ కుట్ల గీత. 

"చూడు! సరిగ్గా చూడవే. ఇది డాక్టరు కోసింది కాదు, ఆ పీట కోసింది. నీది ఇప్పుడే మొదలుపెట్టింది. నేనూ తిమ్మిరనే చెప్పానే. ఇదే తిమ్మిరి, ఇదే!"

సత్యశ్రీ నా కాలి వైపు చూసింది. తర్వాత, తెలియకుండానే, తన చెయ్యి తన మోకాలి మీదికి పోయింది.

"చీర దించవే," అన్నాడు మా ఆయన మెల్లగా. దించాను.

"కోటిగాడికి ఫోన్ చెయ్యి," అన్నాను ఆయనతో. "వెల్డింగ్ చేసి నా నడుమంత ఎత్తు ఇనప బల్ల పట్రమ్మను. పీట దానికి బిగించమను, నిలబడి కోస్తాం. కాళ్ళు పీకినప్పుడు కూర్చోడానికి రెండు ఎత్తు స్టూళ్ళు. ఇయ్యాలే కావాలని చెప్పు."

"నిలబడి కొయ్యడం నాకు రాదత్తా," అంది సత్యశ్రీ ముక్కు తుడుచుకుంటూ.

"నాకు మాత్రం వచ్చా? చేతులు తెగితే ఇద్దరివీ తెగుతాయి."

ఇంతలో సంచి పట్టుకుని ఎప్పటి నుంచో నిలబడ్డ ఒకాయన ముందుకి వచ్చాడు. "అమ్మా, మీ గొడవలు తర్వాత. ఇంటికి చుట్టాలొచ్చారు. ఈ రెండు బొచ్చెలు కొట్టి ఇయ్యండి, పోతాను."

బంగారంలాంటి చేపలు. ఆదివారం బేరం. సత్యశ్రీ అలవాటుగా వంగి, నీళ్ళలో పడ్డ పీట అందుకోబోయింది. దాని భుజం పట్టుకుని ఆపేశాను.

"బల్ల వచ్చేదాకా ఇక్కడ కొయ్యం బాబూ," అన్నాను. "తొందరైతే పక్క కొట్టుకి వెళ్ళండి."

మార్కెట్‌కి వచ్చిన నాటి నుంచి ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు.